తీగె తెగినచో దిక్కేది?

గత వానకాలమున మా కక్షిదారు డొకడు, ఏబదియేండ్లు దాటిన పత్తిరైతు, ఒక సబ్ రిజిస్ట్రారు కచ్చేరి వరండాలో రెండు దినములు పడిగాపులు గాచెను. ఎకరమున్నర చేను కొనుటకు ఒడంబడిక వ్రాసికొని, బయానా యిచ్చియుండెను. గడువు శనివారముతో తీరును. శుక్రవారము ఉదయముననే మిగిలిన సొమ్ముతో వచ్చినాడు. అమ్మువాడును వచ్చినాడు, సాక్షులును వచ్చినారు. రాని దొక్కటే, తీగెమీద రావలసిన సంకేతము. “నెట్టు లేదు, రేపు రండు” అనిరి. రేపును లేదు. సోమవారము నాటికి అమ్మువానికి అంతకన్న హెచ్చు వెల పెట్టువాడు దొరికెను, మనసు మారెను. ఆ వ్యవహార మిప్పుడు దావాగా పరిణమించినది. స్థిరాస్తి క్రయములందు కాలము ప్రధానాంశము కాదని న్యాయమున నొక మాట కలదు. ఆ మాటను న్యాయస్థానముచేత పలికించుటకు ఎన్ని యేండ్లు పట్టునో మా వృత్తివారికి దెలియును. రైతునకు దెలియదు.

విచారింపగా, అయిదారు మైళ్ల దూరమున మంచినీటి గొట్టములకై కాలువ త్రవ్వుచున్న ప్రొక్లెయిను పండ్లకు దగిలి ఫైబరు తీగె తెగినదని తేలెను. ఆ తీగె ఏ సంస్థదో మాకిచ్చట అప్రస్తుతము. త్రవ్వినవానిపై మాకు కోపమును లేదు. ఇట్టి పొంతనలేని త్రవ్వకములవలన దేశమునకు ఏటేట రమారమి 3,000 కోట్ల రూపాయల నష్టము గలుగుచున్నదని కేంద్రప్రభుత్వమువారే చెప్పి, త్రవ్వుటకు ముందు తీగెల యజమానులకు దెలుపుటకై 2023 మార్చి 22న ఒక సాధనమును సయితము ప్రారంభించిరి. కావున తీగె తెగుట వింత కాదు. ఒక్క తీగె తెగినంతనే కచ్చేరి యంతయు మూగవోవుట వింత. ఆ సంకేతము వచ్చుటకు రెండవ దారి యేది? మేమీ ప్రశ్నను ఆ శాఖను బాగుగా నెరిగిన ఒక ఇంజనీరు మిత్రుని అడిగితిమి. ఆయన తడుముకొనక సెలవిచ్చెను: “రెండవ దారి ప్లానులో లేదండీ. తక్కువ ఖర్చుతో అన్నిటిని కలుపుటకు లెక్కగట్టగా కంప్యూటరు తేల్చిన దారి యిది.”

కంప్యూటరు తేల్చినది! పూర్వము మన పెద్దలు తమకు చేతగాని ప్రతి పనికిని నుదుటి వ్రాత యనెడివారు. ఇప్పుడా నుదురు కచ్చేరి బల్లమీదికి వచ్చి కూర్చున్నది. అంతియే భేదము. ఈ జవాబు ఒక్క మిత్రునిది కాదు. నేడు ఏ కచ్చేరిలో నడిగినను దొరకు జవాబు. పఠనమందిరములలో మా పత్రికను జదువు సోదరులు సైతము ఈ మాట వినినంతనే “గణితము చెప్పినదానిని మనమెట్లు కాదందుము?” అని నోరు మూసికొందురని మేమెరుగుదుము. అందుచేతనే ఆ గణితమేమో, అది చెప్పినదేమో, చెప్పనిదేమో నేడు కొంచెము విప్పి చూడదలచితిమి.

ఆ శాస్త్రమునకు ఘనమైన చరిత్ర కలదు. దానిని మేము గౌరవింతుము. 1918లో స్వాతంత్ర్యమొందిన చెకొస్లొవేకియా దేశమున మొరేవియా ప్రాంతమునకు కరెంటు తీగెలు లాగుచున్న దినములలో, ఏ ఊరినుండి ఏ ఊరికి లాగినచో మొత్తము తీగె అన్నిటికన్న తక్కువగునని ఒక మిత్రుడు ఒటాకర్ బొరూవ్కా యను గణితశాస్త్రజ్ఞుని అడిగెను. ఆయన 1926లో జవాబు చెప్పెను. అటుపిమ్మట అమెరికాలో జోసెఫ్ క్రస్కల్ 1956లోను, బెల్ టెలిఫోను ప్రయోగశాలకు జెందిన రాబర్ట్ ప్రిమ్ 1957లోను అదే ప్రశ్నకు ఇంకను సులువైన మార్గములను జూపిరి. క్రస్కల్ మార్గమును మన పంతుళ్లు పలకమీద వ్రాసి చూపవచ్చును. అన్నిటికన్న పొట్టి తీగెను ముందు వేయుము, తరువాత మిగిలినవానిలో పొట్టిదానిని వేయుము, అట్లే పోవుచుండుము, చుట్టు తిరిగివచ్చి కలియు తీగెను మాత్రము వేయకుము. ఇంతే. ఇరువది యూళ్లను ఇట్లు కలుపుటకు ఎన్ని విధములు గలవో ఆర్థర్ కేలీ 1889లో చెప్పిన సూత్రము ననుసరించి గుణింపగా, 2,62,144 ప్రక్కన 18 సున్నలు చేర్చిన సంఖ్య వచ్చును. అన్ని విధములను ఒక్కొక్కటిగా జూడ నక్కరలేకయే వానిలో నుత్తమమైనదానిని అరగడియలో చేతికిచ్చు విద్యను ఎవడు తృణీకరించును?

కాని ఆ చివరి మాటను చదువరులు మరల నొకసారి చూడవలయును. చుట్టు తిరిగివచ్చి కలియు తీగెను వేయకుము. మా కక్షిదారుని చేను పోయిన దా మాటలోనే.

ఒక మండలకేంద్రమును, దానిచుట్టు అయిదు ఊళ్లను ఊహింతము. కేంద్రమునుండి మొదటి ఊరు 4 కిలోమీటర్లు. అచ్చటినుండి రెండవది 3, మూడవది 5, నాల్గవది 3, అయిదవది 4. అయిదవ ఊరినుండి మరల కేంద్రమునకు 6. మిగిలిన దారులన్నియు ఇంతకన్న దూరమనుకొందము. బొరూవ్కాగారి శాస్త్ర ప్రకారము 6 కిలోమీటర్ల తీగెను మానివేసి మిగిలిన అయిదును వేసినచో మొత్తము 19. ఇంతకన్న తక్కువలో అన్నిటిని కలుపుట బ్రహ్మకైనను తరము గాదు. గుత్తదారు సంతోషించును, లెక్కల తనిఖీదారు సంతోషించును. ఇక కేంద్రమునకును మొదటి ఊరికిని నడుమ ఒక్క గడ్డపార పోటు పడుగాక! అయిదు ఊళ్లును చీకటి. అదే మానివేసిన 6 కిలోమీటర్లను కూడ వేసినచో మొత్తము 25. అనగా మూడవవంతుకన్న కొంచెము తక్కువ హెచ్చు. అప్పుడు ఎచ్చట నొక్కచోట తెగినను ఏ ఊరును ఒంటరి కాదు. ఇటు మూసికొనినచో అటునుండి సంకేతము వచ్చును. మొదటిది కొమ్మ, రెండవది వలయము. కొమ్మను మొదట నరికినచో చిగురువరకు వాడును.

ఇందులో కంప్యూటరు చేసిన తప్పేమి? ఏమియు లేదు. అడిగినదానికి సరిగా జవాబు చెప్పినది. తప్పు అడుగుటలో నున్నది. మా వృత్తిలో దీని నెరుగనివాడు లేడు. సివిలు ప్రొసీజరు కోడున 14వ ఆర్డరు వాదాంశములను నిర్ణయించుటను గూర్చినది. వాది యేమనుచున్నాడు, ప్రతివాది దేనిని కాదనుచున్నాడు, న్యాయాధిపతి దేనిని తేల్చవలయును అనునవి అచ్చట కాగితమున కెక్కును. ఆ కాగితమున కెక్కని యంశముపై ఎంతటి ప్లీడరు ఎంత గొంతు చించుకొనినను లాభము స్వల్పము. వాదాంశమును తప్పుగా వ్రాసికొని, తీర్పు తప్పుగా వచ్చినదని న్యాయాధిపతిని నిందించుట ఎట్టిదో, “మొత్తము తీగె అతితక్కువ కావలెను, ప్రతి యూరును ఒక్కమారు కలిసిన చాలును” అని వ్రాసియిచ్చి కంప్యూటరును ముందుకు నెట్టుట అట్టిది. ఈ గణితమున లక్ష్యమనియు, నిబంధనలనియు రెండు భాగములు గలవు. దేనిని తగ్గింపవలయును అనునది లక్ష్యము. దేనిని మీరరాదు అనునవి నిబంధనలు. ఆ రెంటిని వ్రాయువాడు మనుష్యుడు, జీతము తీసికొను మనుష్యుడు. “ఏ ఒక్క తీగె తెగినను ఏ యూరును విడిపోరాదు” అను ఒక్క పంక్తిని నిబంధనలలో జేర్చినచో అదే కంప్యూటరు అదే రాత్రి వలయమును గీసియిచ్చెడిది.

ఇది యూహ కాదు. మన దేశమున జరిగిన కథ. 2011 అక్టోబరు 25న కేంద్ర మంత్రివర్గము నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ అను పథకమును ఆమోదించెను. దానికే తరువాత భారత్‌నెట్ అని పేరు. రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబరు తీగె చేర్చుట సంకల్పము. తొలి యంచనా రమారమి 20,000 కోట్లు. పద్ధతి యేమనగా, మండలమువరకు ప్రభుత్వ సంస్థల తీగె ఇదివరకే యున్నది గనుక దానిని వాడుకొని, ఆ తీగె పంచాయతీకి మిక్కిలి దగ్గరగా పోవు చోటినుండి చాలినంత క్రొత్త ముక్కను మాత్రము అతికించుట. పొదుపే, పైకి జూడ తెలివియు. తొలిదశలో లక్ష పంచాయతీలు 2017 డిసెంబరు నాటికి ముగిసినవనిరి. ఫలితము కొమ్మ. కొన్నిచోట్ల ఏనాటిదో పాత తీగె మొదలు, క్రొత్త తీగె చివర; మొదలు చీకిపోయిన చెట్టునకు చివర అంటుగట్టినట్లు. పండ్రెండేండ్లకు, 2023 ఆగస్టు 4న, కేంద్ర మంత్రివర్గమే 1,39,579 కోట్లతో సవరించిన భారత్‌నెట్ పథకమును ఆమోదించి, ఇకముందు మండలములకును పంచాయతీలకును వలయములుగా తీగె వేయవలయునని నిర్ణయించెను. 20,000లను 1,39,579తో నేరుగా పోల్చుట న్యాయము గాదు. క్రొత్తదానిలో పదియేండ్ల నిర్వహణయు, ఇతర గ్రామములును, మరి యనేక కార్యములును జేరియున్నవి. కాని 2011లో కంప్యూటరు తేల్చినదన్న దారిని 2023లో మనుష్యులు త్రోసివేసినారుగదా! గణితము మారలేదు. వాదాంశము మారినది.

“అయ్యా, వలయముల లెక్క కొమ్మల లెక్కవలె సులువు గాదు, మిక్కిలి కఠినము” అని పండితు లనవచ్చును. నిజమే. ఊళ్ల సంఖ్య పెరిగిన కొలది ఆ లెక్క కొండవలె పెరుగును. ఎల్లప్పుడును త్వరగా తేలు మార్గమును నేటికిని ఎవరును కనుగొనలేదు. కాని ఎంత సంఖ్యకు కఠినము? 1954లోనే జార్జి డాంట్జిగ్, రే ఫుల్కర్సన్, సెల్మర్ జాన్సన్ అను మువ్వురు 49 అమెరికా నగరములను చుట్టివచ్చు అతిచిన్న దారిని, నేటి యంత్రములేవియు లేకయే సాధించి, అది యుత్తమమని ఋజువు చేసిరి. ఇరువది, ముప్పది పంచాయతీలుగల మండలము వారి నగరములకన్న హెచ్చా? ఆ మువ్వురు వాడిన లీనియర్ ప్రోగ్రామింగు లెక్కలను వేగముగా తేల్చు మార్గమును 1984లో బెల్ ప్రయోగశాలలో కనిపెట్టినవాడు నరేంద్ర కర్మార్కర్, బొంబాయి ఐ.ఐ.టి.లో జదివిన మన దేశపు బిడ్డ. ఆ గణితమార్గముపై 1988లో కంపెనీ పేటెంటు సంపాదించెను. కూడికకు పేటెంటు పుట్టినట్లే యని న్యాయవాదులుగా మాకొక బాధ కలదు గాని, అది మరియొక నాటి వ్యాసము. బుద్ధి మనది, లెక్క మనది. మన పల్లెకు రెండవ దారి మాత్రము “కఠిన” మట!

ఇతర దేశములవారు ఈ పాఠమును అగ్నిలో నేర్చిరి. 1988 మే 8న అమెరికాలో చికాగో నగర సమీపమున హిన్స్‌డేల్ అను చోట నొక టెలిఫోను కేంద్రము కాలిపోయెను. వేలకొలది టెలిఫోనులు వారముల తరబడి మూగవోయినవి. విమానముల రాకపోకలకు సయితము అంతరాయము గలిగెను. చుట్టుప్రక్కల దారులన్నియు ఆ యొక్క యింటిలోనే ముడిపడియుండుట దానికి హేతువు. ఫైబరు తీగె వచ్చినపిదప ఒక్క పోగులోనే వేల సంభాషణలు పోవుచున్నందున, తీగెలు తగ్గినవి, పొదుపు పెరిగినది, ప్రమాదమును దానితోపాటే పెరిగినది. ఆ కాలముననే క్లైడ్ మోన్మా, మార్టిన్ గ్రోచెల్, మెక్థిల్డ్ స్టోయర్ ప్రభృతులు తెగినను నిలుచు జాలములను అల్పవ్యయముతో గూర్చు గణితమును పెంపొందించిరి. ఇవన్నియు 2011 నాటికి పుస్తకములలో నున్నవే. మనవారికి పుస్తకములు దొరకలేదా, తెరువలేదా?

ఇక ఖర్చు మాట. మా ఉదాహరణమున 6 కిలోమీటర్లు హెచ్చు. ఈ ఆరు కిలోమీటర్ల ఖరీదు శాఖవారి పుస్తకమున కెక్కును. మా కక్షిదారుడు వరండాలో గడపిన రెండు దినములు ఎవరి పుస్తకమున కెక్కినవి? 2025-26 పత్తికాలమున మద్దతుధరకు పత్తి అమ్మదలచిన రైతు ‘కపాస్ కిసాన్’ అను ఫోను సాధనమున పేరు నమోదు చేసికొని, తన వంతు దినమును ముందుగా కోరుకొనవలసివచ్చెను. క్వింటాలునకు మధ్యరకము 7,710, పొడుగు పింజె 8,110 రూపాయలు. సంకేతము లేని యూరి రైతు వంతు దప్పినచో, ఇంటిముందరి దళారి చెప్పినదే ధర. పంట నమోదు ఫోనుమీద, రేషను బియ్యమునకు వ్రేలిముద్ర యంత్రముమీద, సచివాలయమున ధ్రువపత్రము కంప్యూటరుమీద, మా దావాల దాఖలా సయితము తీగెమీద. కాగితమును మానిపించి, కాగితము చేయు పనినంతయు తీగెకు అప్పగించినవారు, ఆ తీగె నొంటిగా విడుచుట యెట్టి బుద్ధి? కాగితమున కైన రెండు ప్రతు లుండెడివి.

తక్కువ ఖర్చన్నప్పుడు ఎవరి ఖర్చు అని అడుగవలయును. కంపెనీ ఖర్చా, ప్రభుత్వ ఖర్చా, రైతు ఖర్చా? మొదటి రెంటిని మాత్రము తగ్గించి మూడవదానిని పద్దున చేర్చకుండుట పొదుపు గాదు. ఒకరి జేబులోనిది మరియొకరి జేబునకు మార్చుట. ఈ మోసము టెలిఫోనంత పాతది. కోపెన్‌హేగను టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఆగ్నర్ ఎర్లాంగ్ 1917లో ఒక సూత్రము ప్రకటించెను. పిలుపులు ఇన్ని వచ్చుచోట దారులు ఎన్ని యుండవలయునో అది చెప్పును. సగటున పది సంభాషణల బరువుండు చోట, నూటి కొకడికన్న హెచ్చుమంది తిరిగిపోరాదన్నచో 18 దారులు వలయును. పదింట నొకడు తిరిగిపోయినను ఫరవాలేదన్నచో 13 చాలును. ఆ అయిదు దారుల భేదము ఎర్లాంగు చేసినది గాదు. తిరిగిపోవువాడు ఎవడైన ఫరవాలేదో నిర్ణయించినవాడు చేసినది. పట్టణమున వర్తకుడు తిరిగిపోరాదు. పల్లెలో మిర్చిరైతు తిరిగిపోయిన నేమి? ఈ నిర్ణయము ఏ గ్రామసభలో జరిగినది? ఏ శాసనసభలో చర్చకు వచ్చినది?

పైగా ఈ సొమ్ము దానము గాదు. దేశమందు టెలిఫోను వాడు ప్రతివాని నుండియు, కంపెనీల రాబడిపై నూటికి 5 వంతున వసూలైన సార్వత్రిక సేవానిధి యొకటి కలదు. 2003లో టెలిగ్రాఫు చట్టమును సవరించి దానికి శాసనబలము నిచ్చిరి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టమున దానికి డిజిటల్ భారత్ నిధి అని క్రొత్త పేరు పెట్టిరి. పల్లెకు తీగె చేర్చుటకే యది పుట్టినది. కంపెనీకి లాభము రాని చోటికి పోవుటకై కూడబెట్టిన ధనమును, కంపెనీ లాభము లెక్కగట్టు తక్కెడలోనే వేసి తూచుట ధర్మమా?

లక్ష్యమును, నిబంధనలను మన నేలనుబట్టి వ్రాసికొనినప్పుడు ఫలమెట్లుండునో మనమే ఒకసారి చూపితిమి. 1984లో సి-డాట్ అను ప్రభుత్వ పరిశోధనసంస్థను స్థాపించినప్పుడు, విదేశములవారి టెలిఫోను ఎక్స్చేంజీలు వేలకొలది లైనులకు, చల్లని గదులకు నిర్మింపబడియుండెను. మన యువ ఇంజనీర్లు ప్రశ్ననే మార్చివైచిరి. నూటికి పైబడిన కొలది లైనులు చాలును. ఎండకును దుమ్మునకును ఆగవలయును. చల్లని గది యుండదు. ఈ నిబంధనలతో పుట్టిన 128 లైనుల గ్రామీణ ఎక్స్చేంజి 1986లో కర్ణాటకమున కిత్తూరునందు మ్రోగెను. అటుపిమ్మట పల్లెపల్లెకును బోయెను. ఆ బుద్ధి 2011లో ఎచ్చటికి బోయినది?

మన రాష్ట్రము వేరొక దారి త్రొక్కెను. 2015లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ అను ప్రభుత్వ సంస్థను నెలకొల్పి, భూమిని త్రవ్వక, కరెంటు స్తంభములమీదుగా రమారమి 24,000 కిలోమీటర్లు తీగె లాగించిరి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడును ఇత్తుమనిరి. భూమిలో పాతినచో వేలకోట్లగు పనిని వందలకోట్లతో నెరవేర్చితి మనిరి. గుత్తలను గూర్చి వచ్చిన యభియోగములు న్యాయస్థానముల సంగతి. వానిని మేమిచ్చట స్పృశింపము. తీగెను త్వరగా పల్లెకు జేర్చిన యుపాయమును మేము మెచ్చుకొందుము. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున ఎన్ని స్తంభములను గూల్చెనో, టెలిఫోనులు ఎన్నిదినములు మూగవోయెనో అందరును జూచినదేగదా! ఆ తడి యారకముందే, గాలికి గూలు స్తంభమునే నమ్ముకొనుట సాహసము. స్తంభము కూలినచో కరెంటును బోవును, ఫైబరును బోవును. కరెంటు పోయినదని చెప్పుటకు మిగులు సాధనమును దానితోనే బోవును.

అందుచేత “ఇకముందు వలయములే” అని 2023లో చెప్పిన మాట వినినంతనే మేము చంకలు గుద్దుకొనలేదు. కాగితముమీద వలయము వేరు, నేలమీద వలయము వేరు. పోవు తీగెను వచ్చు తీగెను ఒకే కాలువలో ప్రక్కప్రక్కనే పాతి, పటమున గుండ్రముగా గీయవచ్చును. ప్రొక్లెయినుకు పటముతో పనిలేదు; రెంటిని ఒక్కపోటున తెంచును. రెండు తీగెలు రెండు రోడ్లవెంట బోయి, వాగువద్ద ఒకే వంతెనకు వ్రేలాడవచ్చును. గుండ్లకమ్మకు వరదవచ్చి ఆ వంతెన గూలిననాడు వలయము పేరునకే మిగులును. ఒకే యాపదకు లోనగు తీగెలను ఒక్క జట్టుగా భావించి లెక్క వేయవలయునని గణితజ్ఞులు ఎన్నడో చెప్పిరి. ఆ జట్ల పట్టిక తయారుచేయుటకు మాత్రము గణితము చాలదు. గట్టున నడచి, వంతెనక్రింద వంగి చూచి, స్తంభములను లెక్కబెట్టు మనుష్యుడు కావలయును. ఆ మనుష్యుని టెండరులలో మేము వెదకితిమి. తక్కువ వెలకు పాడినవాడే గదా నెగ్గుట!

మన గుంటూరు, ప్రకాశము మైదానము వలయములకే పుట్టినట్లున్నది. ఉత్తర దక్షిణములుగా మూడు దారులు గలవు. తూర్పున తెనాలి, బాపట్ల, చీరాలమీదుగా ఒంగోలునకు రైలుదారి. నడుమ గుంటూరునుండి చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్లమీదుగా 16వ నంబరు జాతీయరహదారి. పడమట నరసరావుపేట, వినుకొండ, దొనకొండమీదుగా మార్కాపురమువైపు రైలుదారి. అడ్డముగా నరసరావుపేటనుండి చిలకలూరిపేట, పర్చూరుమీదుగా చీరాలకు. ఒంగోలునుండి పొదిలిమీదుగా మార్కాపురమునకు రోడ్లు. 1977 నవంబరు 19 ఉప్పెననాడు దివిసీమలోను బాపట్ల ప్రాంతమునను తంతి, టెలిఫోను తెగి, ఎందరు చనిపోయిరో రాజధానికి దెలియుటకే దినములు పట్టెను. 2023 డిసెంబరు 5న మిచాంగు తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. సముద్రముప్రక్కన ఒక చేయి, నల్లమల యంచున మరియొక చేయి యుండునట్లు వలయము గూర్చినచో ఒకే తుపాను రెంటిని ఒక్కమారు తెంచుట అరుదగును. తీరమున రెండును బెట్టి వలయమనుట తీరవాసులను వంచించుట. పడమటి మెట్టను “రాబడి లేదు” అని విడిచిపెట్టినచో నష్టము మెట్టవారిదే కాదు, తీరమునకు రెండవ దారియు లేకుండబోవును. పల్నాటి మారుమూల పల్లెకు వేసిన తీగె చీరాల నేతగానిని గూడ కాపాడునని మన ప్లాను పండితులు గ్రహింతురా?

మరియొక ముఖ్యవిషయము. కొమ్మ తెగినచో వెంటనే కేకలు పుట్టును. తెగినదని అందరికి దెలియును. వలయమున ఒకచోట తెగినచో కేక పుట్టదు. సంకేతము మరియొక వైపునుండి వచ్చుచుండును, ఫోను పలుకుచుండును, గుత్తదారు నిద్రించుచుండును. ఆనాటినుండి ఆ వలయము కొమ్మయే. రెండవపోటు పడిననాడు మాత్రమే తెలియును. కావున మొదటి గండిని ఎన్ని గంటలలో పూడ్చిరో లెక్కచూడని వలయము, కొన్ని నెలలలోనే హెచ్చు ఖరీదుగల కొమ్మగా మారితీరును. పదియేండ్ల నిర్వహణకు సొమ్ము ఇచ్చుచున్నారు గదా. ఆ సొమ్మును ఊరు మూగవోయిన గంటలకు ముడివేసిరా, తెగిన ప్రతి గండికిని ముడివేసిరా? మొదటిదానికి మాత్రమే ముడివేసినచో గుత్తదారుకు మొదటి గండితో పనియే లేదు.

కాగా మేము కోరునవి కొలదియే. మండలమున తీగె ఏ గట్టువెంట, ఏ వంతెనమీద, ఏ స్తంభములపై బోవుచున్నదో ఆ పటమును ప్రతి పంచాయతీ కచ్చేరి గోడకు అంటింపవలయును. రహస్యమనెదరేమో! ప్రొక్లెయిను నడుపువానికి ఇప్పటికే తెలియును, తెలియనిది మనకే. తెగిన దినమును, గంటను, పూడ్చిన గంటను చూపు పుస్తకమొకటి గ్రామసభ యెదుట నుంచవలయును. వలయమను పేరుతో సొమ్ము చెల్లించుటకు ముందు, శాఖవారు సర్పంచు సమక్షమున ఒక ప్రక్క తీగెను తామే విప్పి, కచ్చేరి యంత్రము పనిచేయుచున్నదో లేదో చూపవలయును. తరువాత రెండవ ప్రక్కను. అరగంట పని. ప్లాను వేయునప్పుడు లక్ష్యమున ఏమి వ్రాసిరో, నిబంధనలలో ఏమి వ్రాసిరో ఆ రెండు కాగితములను తెలుగున ప్రకటింపవలయును. గణితము మాకు దెలియదని సంశయింప నక్కరలేదు. మైళ్లును, రూపాయలును, దినములును లెక్కబెట్టుట ఈ మైదానమున ప్రతి రైతునకు దెలియును.

చదువరులు రాబోవు గ్రామసభలో ఒక్క ప్రశ్న మాత్రము వేయుదురుగాక. “మన యూరి సంకేతమునకు రెండవ దారి యేది? అది మొదటి దారిని ఎచ్చటెచ్చట తాకుచున్నది?” వచ్చిన జవాబును, జవాబు రానిచో రాలేదనియు, ఊరిపేరుతో మాకు పోస్టుకార్డుమీద వ్రాసి పంపుడు. దానికి నెట్టు అక్కరలేదు.